వ్యాసమునకు వాకిలి ఛాయాచిత్రము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులయందు చేసిన ప్రసంగ పాఠము)



పద్దులు, పన్నులు, తీర్మానములు మున్నగువానిని గూర్చి మీరు నిన్నటినుండి వినుచున్నారు. నన్ను మాత్రము పత్రికలలోని ఫోటోలను గూర్చి మాటలాడుమని కోరినారు. ఫోటోలతో పంచాయతీకి పని యేమి యని మీలో కొందరికి తోచవచ్చును. గ్రామమున జరిగిన మంచి పనియైనను, తీరని కష్టమైనను పదిమందికి తెలియవలెనన్నచో పత్రికకెక్కవలెను. ఎక్కిన చాలదు, చదువబడవలెను. అచ్చయినదంతయు చదువబడునను భ్రమ నాకు లేదు. నేను కొంతకాలము ఒక మాసపత్రిక సంపాదకవర్గమున పనిచేసినవాడను. నెల దినములు కష్టపడి మేము కూర్చిన పుటలను పాఠకుడు రెండు నిమిషములలో తిరుగవేసి ప్రక్కన పెట్టుటను కన్నులార చూచితిని.

ఒకమారు ఒక పల్లెలోని గ్రంథాలయమునకు పోయితిని. సాయంకాలము. బల్లచుట్టు అయిదారుగురు కూర్చుండియుండిరి. వారిలో ఒక వృద్ధ రైతునకు అక్షరజ్ఞానము లేదు. అయినను మా పత్రికను ముందు వేసికొని, బొటనవ్రేలు తడిచేసికొనుచు ఒక్కొక్క పుటయే త్రిప్పుచుండెను. సందేశములను దాటెను. లెక్కల పట్టికలను దాటెను. ఒక పుటయొద్ద ఆగెను. పశువైద్యుడొకడు ఎద్దు నోటిని రెండు చేతులతో తెరచి, నాలుకమీది పుండును చూచుచున్న ఫోటో అందు కలదు. ఆ ఎద్దు కనుగ్రుడ్లు మిటకరించి మనవైపే చూచుచున్నట్లుండెను. ముసలాయన కొంతసేపు తేరిపార చూచి, ప్రక్కనున్న విద్యార్థి భుజము తట్టి, "ఒరే అబ్బాయీ, దీనికేమొచ్చిందట? ఏం రాశారో చదువు" అనెను. బాలుడు చదివెను. అది గాలికుంటు రోగమును గూర్చిన వ్యాసము. టీకాలు ఎప్పుడు వేయింపవలెనో, రోగము సోకిన పశువును మందనుండి ఏల వేరుచేయవలెనో అందు వ్రాసియుండెను. చదువుట ముగియునప్పటికి బల్లచుట్టు పదిమంది చేరిరి.

ఇంతకును ఆ వ్యాసము క్రొత్తది కాదు. అంతకు ముందటి యేట ఇంచుమించు అవే మాటలతో, బొమ్మ లేకుండ, మేమే ప్రచురించి యుంటిమి. దానిని గూర్చి మాకు ఒక్క కార్డు ముక్కయైనను రాలేదు.

బొమ్మలు చదువురానివారికే కావలెనని మీరు తలపవచ్చును. 1961 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశములో చదువ నేర్చినవారు నూటికి 21 మంది. 2011 నాటికి అవిభక్త రాష్ట్రమున ఆ సంఖ్య 67కు పెరిగెను. చదువు పెరిగినందున బొమ్మ విలువ తగ్గలేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున పాయింటర్ సంస్థ యను పత్రికారచనా విద్యాలయము కలదు. చూపు కదలికను గుర్తించు పరికరమును పాఠకులకు తగిలించి, పత్రిక చదివించి, వారి కన్ను ఎచ్చటెచ్చట నిలిచినదో అచ్చటివారు లెక్కించిరి. ఆ ఫలితములు 1991లో వెలువడినవి. పుటలలోని ఫోటోలలో నూటికి సుమారు 75 వంతులను పాఠకులు చూచిరి. శీర్షికలలో 56 వంతులను చూచిరి. వ్యాసముల పాఠములో చూపు సోకినది 25 వంతులకే. వారందరును చదువుకొన్నవారే సుమా! అనగా మన ముసలి రైతు గ్రంథాలయమున చేసిన పనినే వారును చేసిరి. ముందు బొమ్మను చూచి, అందేదియో తెలిసికొనవలెనని తోచినచో అక్షరముల జోలికి పోయిరి.

అయితే ఏ ఫోటోయైనను చాలునా? చాలదు. గ్రామములనుండి మా కార్యాలయమునకు వచ్చు కవరులు విప్పినప్పుడు మాకు కనబడెడి దృశ్యము దాదాపు ఒక్కటే. ఒక వేదిక, దానిమీద వరుసగా కుర్చీలు, కుర్చీలలో దండలు ధరించిన పెద్దలు, ముందు నీళ్లసీసాలు. వెనుక "త్రాగునీటి పథకము ప్రారంభోత్సవము" అని వ్రాసియుండును. నీరు మాత్రము ఆ సీసాలలో తప్ప ఎచ్చటను కానరాదు. ఆ నీటికొరకు ఇరువది సంవత్సరములు మైలు దూరము నడచిన తల్లి, మొదటిసారి తన వాకిట కుళాయి త్రిప్పునప్పుడు ఆమె ముఖము ఎట్లుండెనో చూడవలెనని మాకుండును. ఆ ఫోటో ఎవరును తీయరు. వేదికమీది పెద్దలు నొచ్చుకొందురని ఇప్పుడు తీసినదానినే అచ్చువేసితిమి. ఆ పుటను వేదికమీదివారు తప్ప వేరెవ్వరును చూడలేదని నా అనుమానము.

పత్రికలలో ఫోటో వచ్చుట మనము తలచునంత ప్రాచీన విషయము కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున మన సికిందరాబాదునందు రాజా దీనదయాళ్ యను గొప్ప ఛాయాచిత్రకారుడుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున చేరి, ముసవ్విర్ జంగ్ బిరుదమును పొందెను. కోటలు, దర్బారులు, వేటలు, వీధులు ఎన్నింటినో చిత్రించెను. ఆ చిత్రములు ఎక్కువగా ఆల్బములలో అంటింపబడి దొరల ఇండ్లలో ఉండిపోయెను. సామాన్యునికి అందలేదు. కారణమేమనగా, అక్షరములతోపాటు ఫోటోను అదే యంత్రముమీద అచ్చువేయు ఉపాయము అప్పటికింకను వ్యాప్తిలోనికి రాలేదు. చిత్రకారుడు ఫోటోను చూచి చెక్కమీదనో లోహముమీదనో చెక్కినచో దానిని అచ్చొత్తెడివారు. చెక్కినవాని చేతిలో ముఖములు మారిపోయెడివి.

ఆ చిక్కును తీర్చినది హాఫ్‌టోన్ పద్ధతి. మా యింటి ఆడువారు ముగ్గు వేయునప్పుడు ముందు చుక్కలు పెట్టుట మీరెరుగుదురు. హాఫ్‌టోన్ కూడ చుక్కల విద్యయే. సన్నని గళ్ల తెరగుండ ఫోటోను మరల ఫోటో తీసినచో అది చుక్కలుగా విడిపోవును. నలుపు మెండైనచోట చుక్కలు పెద్దవి, తెలుపుచోట చిన్నవి. ఆ చుక్కలను జింకు రేకుమీదనో రాగిరేకుమీదనో ఆమ్లముతో తినిపించి బ్లాకు చేసెడివారు. భూతద్దముతో పాత పత్రికను చూచినచో ఆ చుక్కలు మీకును కనబడును. ముతక కాగితముమీద సన్నని చుక్కలు సిరాతో పూడిపోవును గనుక, వెనుకటి మన తెలుగు పత్రికలలో మంచి ఫోటోలను వేరుగా నున్నని ఆర్టు కాగితముమీద వేసి మధ్యలో కుట్టెడివారు. బ్లాకుల వెల భారమగుటచే పల్లెటూరి ఫోటోకు చోటు దొరకుట అరుదు.

ఈ పద్ధతిలో దినపత్రికయందు ఫోటో మొట్టమొదట అచ్చయినది 1880 మార్చి 4వ తేదీన, న్యూయార్కునందలి 'డైలీ గ్రాఫిక్' పత్రికలో నని చెప్పుదురు. అది రాజుగారి పట్టాభిషేకము కాదు, సేనాధిపతి విగ్రహము కాదు. ఆ నగరమున బీదలు వేసికొన్న గుడిసెల దృశ్యము. ఈ సంగతి తెలిసిననాడు నాకు కొంచెము సంతోషము కలిగినది.

బొమ్మల బలము సంపాదకులకు సయితము ఆలస్యముగనే తెలిసినది. అమెరికాలో 'నేషనల్ జాగ్రఫిక్' యను భూగోళ పత్రిక 1888లో పుట్టి, పండితుల వ్యాసములతో బరువుగా నడచుచుండెను. 1905 జనవరి సంచికకు 11 పుటలు నింపవలసియుండగా సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవనర్ చేతిలో వ్యాసము లేకపోయెను. అప్పుడే టిబెట్టులోని లాసా నగరపు ఫోటోల కట్టయొకటి అందెను. విదేశీయులు అడుగుపెట్టుటయే దుర్లభమైన నగరమది. ఆయన తెగించి ఆ 11 పుటలను ఫోటోలతోనే నింపి, తన ఉద్యోగము పోవునని భయపడుచుండెనట. జరిగినది వేరు. వీధిలో కనబడినవారెల్లరు అభినందించిరి. ఆ పత్రిక చరిత్రయే అప్పటినుండి మారిపోయెను.

మరియొక యుదాహరణము మన పనులకు దగ్గరగా ఉన్నది. 1936 నవంబరు 23న 'లైఫ్' యను వారపత్రిక మొదటి సంచిక వెలువడెను. ముఖపత్రముమీద మార్గరెట్ బర్క్-వైట్ యను వనిత తీసిన ఫోటో. మోంటానా రాష్ట్రమున మిస్సోరి నదిమీద కట్టుచున్న ఫోర్ట్ పెక్ ఆనకట్ట అది. కోట బురుజులవలె మిన్నుముట్టు కాంక్రీటు స్తంభములు. మొదట కన్నులకు అవియే కనబడును. తరువాత అడుగున చీమలవంటి రెండు ఆకారములు కానవచ్చును. అవి మనుష్యులు! ఆ యిద్దరు లేనిచో ఆ కట్టడమెంతటిదో మనకు తెలియనే తెలియదు. లోపలి పుటలలో సంపాదకులు ఎదురుచూచినది ఇంజనీరింగు చిత్రములను. ఆమె తెచ్చినది ఆ పనిమీద బ్రతుకుటకు వచ్చి రేకుల ఇండ్లలో నివసించుచున్న కూలివారి, వారి భార్యాబిడ్డల జీవనము. సంపాదకులు బుద్ధిమంతులు కనుక అదే వేసిరి.

మన నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. వేలాది స్త్రీపురుషులు రాళ్లు మోసి కట్టిన రాతి ఆనకట్ట అది. ఆ కాలపు ఫోటోలను చూచినవారికి గుర్తుండునది ఎన్ని లక్షల ఎకరములను లెక్క కాదు. సారువలమీద బారులు తీరి ఎక్కుచున్న మనుష్యులు, తలలమీది బరువులు. ఆ బొమ్మను చూచిన తరువాతనే ఎకరముల లెక్కను చదువవలెనని బుద్ధిపుట్టును. మీ యూరి చెరువుకట్టను ఫోటో తీయించునప్పుడు ఒట్టి కట్టను తీయింపకుడు. దానిమీద ఒక మనిషిని నడువనిండు.

పాఠకుని నిలుపు ఫోటో అతని మనస్సులో ఒక ప్రశ్నను లేపును. ఎద్దునకేమైనది? ఇంత పెద్ద స్తంభములు దేనికి? ఆ తల్లి ఏల అట్లు చూచుచున్నది? దండలు వేసికొన్నవారి వరుస ఏ ప్రశ్నను లేపదు. చూచుటతోనే సంగతి ముగిసినది. ఇక చదువుటెందుకు?

ఫోటోకు ఇంతటి బలమున్నందున అది ప్రాణములను కాపాడిన సందర్భమును చెప్పెదను. 1943లో వంగదేశమున ఘోరమైన కరువు వచ్చినది. యుద్ధకాలము. వార్తలమీద ప్రభుత్వపు కట్టుబాట్లు గట్టిగా ఉండెను. కరువును కరువని ప్రకటించుటకు ప్రభుత్వము ఇష్టపడలేదు. ధాన్యపు కొరతను గూర్చి పత్రికలలో పొడిమాటలు వచ్చుచుండెను. ఢిల్లీలోను విదేశములలోను అవి ఎవరినిని కదలింపలేదు. ఆ యేడు ఆగస్టు 22, ఆదివారమునాడు కలకత్తాలోని 'స్టేట్స్‌మన్' పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఆ నగర వీధులలో ఆకలితో పడియున్నవారి ఫోటోలను అచ్చువేసెను. తరువాతి వారము మరికొన్ని వేసెను. ఆ పత్రిక ఆంగ్లేయుల యాజమాన్యములోనిది, సంపాదకుడును ఆంగ్లేయుడే. ఆ చిత్రములు ఢిల్లీకి, దేశాంతరములకు వ్యాపించెను. ఇక లేదనుటకు వీలులేకపోయెను. అక్టోబరులో క్రొత్త వైస్రాయిగా వచ్చిన వేవెల్ కలకత్తాకు పోయి చూచి, సహాయ కార్యములకు సైన్యమును నియోగించెను. ఆ కరువున ముప్పది లక్షలమంది వరకు మరణించియుందురని అంచనాలున్నవి. ఒక ఫోటోయే అంతయు చేసినదని నేననను. మాటలు తెరువలేని తలుపును అది తెరచినదని మాత్రము చెప్పవచ్చును. ఆ రోజులలోనే సునీల్ జనా యను యువకుడు వంగదేశపు పల్లెలు తిరిగి తీసిన కరువు చిత్రములు 'పీపుల్స్ వార్' పత్రికలో వచ్చి దేశమంతట జనులను కదలించినవి.

ఇంతవరకు ఫోటో మహిమనే చెప్పితిని. ఇప్పుడు రెండవవైపు చెప్పవలెను. మీరు పంచాయతీ సభ్యులు గనుక ఈ భాగము మీకు మరింత అవసరము.

అమెరికాలో 1930 తరువాత ఆర్థికమాంద్యము, వానలేమి కలిసి రైతులను ఊళ్లు విడిపించెను. వారి కష్టములను ప్రజలకు చూపుటకు అచ్చటి ప్రభుత్వము 1935నుండి ఛాయాచిత్రకారులను నియమించి పల్లెలకు పంపెను. మన సమాచార శాఖవంటి పనియే. వారిలో డొరొతియా లాంజ్ యను వనిత 1936 మార్చిలో కాలిఫోర్నియాలో కారులో పోవుచుండగా, బఠాణీ కోతకు వచ్చిన కూలివారి గుడారములను సూచించు పలక కనబడెను. ఆమె అలసియున్నందున దాటిపోయెను. సుమారు 20 మైళ్లు పోయిన తరువాత మనసొప్పక వెనుకకు మరలెను. మంచుచే పంట పాడై, పని లేక, తిండి లేక కూర్చున్న ఒక తల్లిని, ఆమె బిడ్డలను కొన్ని చిత్రములు తీసెను. కడపటి చిత్రమున ఆ తల్లి చేతిని చెంపకు ఆనించుకొని ఎటో చూచుచుండును. పిల్లలు ఇరువైపుల ముఖములు దాచుకొనియుందురు. ఆ చిత్రములు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక దినపత్రికలో రాగా, ప్రభుత్వము ఆ గుడారములకు 20,000 పౌనుల ఆహారమును పంపెను. వందలాది వ్యాసములు చేయజాలని పనిని అది చేసినది.

కాని లాంజ్ ఆ తల్లి పేరు అడుగలేదు. ఆహారము వచ్చునప్పటికి ఆ కుటుంబము అచ్చటినుండి వెడలిపోయినది. ఆ ముఖము పుస్తకములలో, పత్రికలలో లోకమంతట తిరిగెను. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని 1978లో గాని లోకమునకు తెలియలేదు. ఆ ఫోటో తీయకున్న బాగుండెడిదని, దానివలన తనకొక పైసయు రాలేదని ఆమె చెప్పుకొన్నది. నలువది రెండు సంవత్సరములు ఆమె దారిద్ర్యమునకు బొమ్మగా నిలిచినది. ఎవరును ఆమెను అడుగలేదు.

దూరదేశపు కథ అనుకొనకుడు. మేము చేసిన తప్పును కూడ చెప్పెదను. ఒక వేసవిలో నీటి యెద్దడిని గూర్చి మా పత్రికకు మంచి వ్యాసము వచ్చెను. ఫోటో లేదు. అచ్చుకు పంపవలసిన దినము వచ్చినది. పాత ఫోటోల పెట్టె వెదుకగా, ఖాళీ కుండల వరుసప్రక్కన మోకాళ్లమీద చేతులుంచి కూర్చున్న ఒక స్త్రీ చిత్రము దొరకెను. ఎంత చక్కని చిత్రము! ఆమె కన్నులలో ఎదురుచూపు స్పష్టముగ నున్నది. చుట్టునున్న భాగమును కత్తిరించి, పుట సగము నిండునట్లు అచ్చువేసితిమి. అందరును మెచ్చిరి. ఆ వ్యాసమునకు వచ్చినన్ని ఉత్తరములు ఆ సంవత్సరములో మరి దేనికిని రాలేదు.

ఇరువది దినముల తరువాత ఒక సర్పంచుగారు ఆ సంచికను చంకన పెట్టుకొని కార్యాలయమునకు వచ్చిరి. "అయ్యా, ఈమె మా ఊరి కుమ్మరావిడ. సంతలో కుండలు అమ్ముకుంటోంది. మా ఊళ్లో రెండు చెరువులున్నాయి, నిండుగా. మీరు నీళ్లు లేవని వేశారు. ఆవిడ చిన్నకొడుక్కి కుదిరిన సంబంధంవాళ్లు ఈ బొమ్మ చూసి, నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వమని కబురు పెట్టారు" అనిరి. ఆయన కోపముగ మాటలాడలేదు. అదియే మాకు మరింత సిగ్గు కలిగించెను. ఆమె ఎదురుచూచినది నీటికొరకు కాదు, బేరముకొరకు. మేము కత్తిరించి పారవేసిన అంచులో సంత అంతయు ఉండెను.

తరువాతి నెల సవరణ వేసితిమి. దానిని ఎవరు చదివిరో నాకు తెలియదు. దానికి ఫోటో లేదు గదా! నిజముగ నీరులేక అలమటించుచున్న గ్రామము పేరు ఆ వ్యాసము ఎనిమిదవ పేరాలో ఉండెను. ఆ గ్రామము ఎవరికిని గుర్తులేదు. అందరికి గుర్తున్నది కుమ్మరావిడ ముఖమే. ఇద్దరికిని అన్యాయము జరిగినది.

కావున ఎవరి ఫోటో తీయుచున్నారో వారిని ముందు అడుగుడు. ఎందుకొరకో చెప్పుడు. "వద్దు" అన్నచో ఊరకుండుడు. పింఛను అందుకొను వృద్ధురాలు, బియ్యము తీసికొను కూలివాడు సహాయము పొందినంతమాత్రమున తమ ముఖమును మనకు వ్రాసియిచ్చినవారు కారు. పిల్లల విషయమున చట్టము కూడ గట్టిగా ఉన్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము 74వ సెక్షను ప్రకారము, నేరమునకు గురియైన, సాక్షియైన, చట్టముతో చిక్కుపడిన, లేక సంరక్షణ కావలసిన బాలల పేరు, ఊరు, బడి, ఫోటో ఏదియు పత్రికలో ప్రచురింపరాదు. తప్పినవారికి ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2012 నాటి పోక్సో చట్టమును అటువంటి నిషేధమునే చేసినది. పత్రికవారికే గాక, ఫోను చేతబట్టి గ్రామ వార్తలను పంపు మనకును ఇది తెలిసియుండవలెను.

నిజాయితీని గూర్చి మరియొక సంగతి. పైన చెప్పిన అమెరికా ప్రభుత్వపు ఛాయాచిత్రకారులలో ఆర్థర్ రాత్‌స్టీన్ యను యువకుడొకడు. 1936లో సౌత్ డకోటా రాష్ట్రమున ఎండి బీటలువారిన నేలమీద ఒక పశువు పుర్రెను చూచెను. వెలుగు నీడలు బాగుగా వచ్చునని ఆ పుర్రెను సుమారు పది అడుగులు జరిపి తీసెను. కరువు నిజము, పుర్రె నిజము, పది అడుగుల జరుపు మాత్రము ఆయనది. ఆ యేట ఎన్నికలు. అధ్యక్షుడు రూజ్‌వెల్టు కరువు ప్రాంతములు చూడబోవు సమయమున ప్రతిపక్షపు పత్రికలు ఆ సంగతి పట్టుకొని, ప్రభుత్వపు కరువు ఫోటోలన్నియు బూటకములని గోలచేసెను. పది అడుగులు! నేడు యంత్రమునకు నాలుగు మాటలు చెప్పినచో లేని చెరువును, లేని పంటను, లేని మనిషిని సయితము ఫోటోవలె సృష్టించి యిచ్చుచున్నది. మీ గ్రామమునుండి వెళ్లిన ఒక్క ఫోటో అట్టిదని తేలినచో, తరువాత మీరు పంపు నిజమైన ఫోటోను ఎవరు నమ్ముదురు? పనిజరుగని రోడ్డునకు పొరుగూరి రోడ్డు ఫోటో పంపినవారిని నేనెరుగుదును. ఆ పొరుగూరివారికిని మా పత్రిక పోవునని వారు మరచిరి.

ఫోటో క్రింద వ్రాయు మాటను తక్కువగా చూడకుడు. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' మీలో పెద్దలు అందరును చదివియుందురు. అందు ప్రతి నెల రెండు ఫోటోలు వేసి, వానికి పొసగునట్లు వ్యాఖ్యలు వ్రాసి పంపుడని పాఠకులను కోరెడివారు. నేనును కార్డులు పంపితిని, బహుమతి రాలేదు. ఆ పోటీవలన నాకు తెలిసినదేమనగా, ఒకే ఫోటోకు పది వ్యాఖ్యలు అతుకును. బాలల వినోదమునకు అది మేలే. పంచాయతీ ఫోటోకు మాత్రము ఒక్క వ్యాఖ్యయే అతుకవలెను. అందు ఎవరు, ఏ యూరు, ఏ నెల, ఏమి చేయుచున్నారు అనునవి ఉండవలెను. కుమ్మరావిడ ఫోటో వెనుక ఎవరైనను పెన్సిలుతో "సంతలో కుండల అమ్మకము" అని వ్రాసియున్నచో ఆ పెండ్లి చెడియుండెడిది కాదు.

ఇక తీయు విధానము. నేడు బ్లాకుల ఖర్చు లేదు, రీలు ఖర్చు లేదు. మీలో అనేకుల జేబులలో కెమెరా ఉన్నది. ఉదయముగాని సాయంకాలముగాని ఏటవాలు ఎండలో తీయుడు. నడిమధ్యాహ్నము ముఖములమీద కన్నులు గుంటలై కనబడును. దూరమున నిలిచి యంత్రముతో దగ్గరకు లాగుటకంటె, మీరే నాలుగు అడుగులు ముందుకు వేయుట మేలు. మనుష్యులను వరుసగా నిలిపి "ఇటు చూడుడు" అనకుడు. వారు పనిలో పడువరకు వేచియుండుడు. చెరువు పూడిక తీయింపదలచితిరా, పని మొదలు కాకముందే ఒక రాతినో చెట్టునో గురుతు పెట్టుకొని అచ్చటనుండి తీయుడు. పని ముగిసిన పిమ్మట అచ్చటినుండియే మరల తీయుడు. ఆ రెండును ప్రక్కప్రక్కన వేసినచో వ్యాసము సగము వ్రాసినట్లే. మొదటిది తీయుటను మరచినచో తరువాత ఎంత వగచినను రాదు. వాట్సాపులో మామూలుగా పంపిన ఫోటో కుదించుకొనిపోయి అచ్చునకు మసకబారును. దానినే డాక్యుమెంటు రూపమున పంపినచో ఉన్నదున్నట్లు చేరును.

వేదికమీది పెద్దల ఫోటోను అసలే తీయవద్దని నేననను. ఊరిలో మీరు బ్రతుకవలెను గదా! అదియు నొకటి తీసి వారికిచ్చి, పత్రికకు మాత్రము రెండవది పంపుడు.

మీరు మీ గ్రామములనుండి తలకొక ఫోటో తేవలెనని ముందుగనే తెలియజేసియున్నారట. వానిని ఈ బల్లమీద పరచుడు. దేని వెనుక ఏమి వ్రాసియున్నదో, ఏది ఏ ప్రశ్నను అడుగుచున్నదో కలిసి చూతము. ముందు చివరి వరుసలోని అమ్మగారు రండు. మీ చేతిలోని ఫోటోలో బడిగోడకు ఆనుకొని ఒక బాలిక నిలిచియున్నట్లున్నది. ఆ గోడ ఏల పగిలినది?